డెక్ మీద దిగినవాడే అడ్మిరల్ కావాలి

తిరుపతి నుంచి చెన్నై రైలెక్కితే పుత్తూరు, నగరి, తిరుత్తణి దాటాక అరక్కోణం వస్తుంది. జలాంతర్గాములను వేటాడే నేవీ పీ-8ఐ విమానాలు అక్కడి నేవీ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ రాజాలి నుంచి సముద్రం మీదికి వెళ్తాయి. ఇంత దగ్గర్లో ఉన్నా, మన ఇంటర్ పిల్లలకు నేవీ పైలట్ అయ్యే దారి గురించి చెప్పేవాళ్లు కనిపించరు.

ఆ దారి ఎంత దూరం తీసుకెళ్తుందో అడ్మిరల్ ఆర్.హెచ్. తహిలియానీ జీవితమే చెబుతుంది. 1961లో విమానవాహక నౌక విక్రాంత్ డెక్ మీద సీ హాక్ జెట్‌ను దించిన తొలి భారతీయ పైలట్ ఆయన. తర్వాత అదే నౌకకు కెప్టెన్. 1984లో నౌకాదళాధిపతి. పైలట్లలో ఆ పదవి అందుకున్న మొదటివాడు.

నా వాదన సూటిగా చెబుతాను: నేవీకి ఇలాంటి అడ్మిరల్సే ఎక్కువ కావాలి. ఎందుకో తెలియాలంటే డెక్ మీద దిగడమంటే ఏమిటో చూడాలి. పైలట్ దిగుతున్నంతసేపూ నౌక మీది దీపాల వరుసను చూస్తుంటాడు. మధ్య దీపం పక్కనున్న పచ్చ దీపాల కంటే పైన కనిపిస్తే విమానం ఎత్తులో ఉన్నట్టు, కింద కనిపిస్తే పల్లానికి పోతున్నట్టు. తోక కింది హుక్ డెక్ మీద అడ్డంగా కట్టిన ఉక్కు తీగల్లో ఒకదాన్ని పట్టుకోవాలి. అసలు కిటుకు ఇక్కడుంది. చక్రాలు తాకగానే పైలట్ ఇంజిన్ తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు! హుక్ తప్పితే ముందున్నది సముద్రం. మళ్లీ గాల్లోకి లేవడానికి వేగం ఉండాలి. తప్పు జరుగుతుందని ముందే లెక్కేసుకుని దిగే పని ఇది.

గాలి లెక్క కూడా అంతే. నౌక గాలికి ఎదురుగా పరుగెత్తితేనే డెక్ మీద విమానానికి కావలసిన గాలి దొరుకుతుంది. 1971 యుద్ధ కాలంలో విక్రాంత్ బాయిలర్లలో ఒకటి పగుళ్లిచ్చి వేగం తగ్గింది. అయినా డిసెంబరు 4న సీ హాక్‌లు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. వేగం తగ్గితే ఎంత ఇంధనం, ఎన్ని బాంబులు వదులుకోవాలో ఎగిరినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

నేవీ అంటే ప్రధానంగా ఓడలు, జలాంతర్గాములే కదా, పైలట్‌కు అవేం తెలుస్తాయని కొందరంటారు. నేవీ పైలట్ అరుణ్ ప్రకాశ్‌ను చూడండి. 1971లో వైమానిక దళం హంటర్ యుద్ధవిమానాలు నడిపి వీర్ చక్ర పొందారు, నేవీ సీ హారియర్ జెట్ల స్క్వాడ్రన్‌ను నడిపించారు, మరో విమానవాహక నౌక విరాట్‌కు కెప్టెన్‌గా చేశారు, ఆ తర్వాతే 2004లో దళాధిపతి అయ్యారు. ఓడ నడపకుండా ఎవరూ అంత పైకి రాలేదు.

నా బాధ మన ఊరి గురించి. తిరుపతి కోచింగ్ హాస్టళ్లలో పిల్లలకు మొదటిసారే సరిగ్గా రావాలని నేర్పుతాం. గురి తప్పితే ఏం చేయాలో నేర్పం. ఉమ్మడి చిత్తూరు జిల్లా కలికిరిలో 2014 నుంచి సైనిక్ స్కూల్ ఉంది. అందులో సీటు రానివాళ్లకూ తలుపు తెరిచే ఉంది: జేఈఈ మెయిన్ ర్యాంకుతో కేరళలోని ఎళిమల నౌకాదళ అకాడమీలో బీటెక్ ప్రవేశం. ఇంటర్ ఎంపీసీ సబ్జెక్టుల్లో 70 శాతం, పదిలో గానీ ఇంటర్‌లో గానీ ఇంగ్లీషులో 50 శాతం కావాలి. అధికారులను ఎంపిక చేసే ఐదు రోజుల ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూలో మాత్రం ర్యాంకు కాపాడదు. పదిమందిలో కలిసి పనిచేయడం చూస్తారు. పైలట్ కావాలంటే రాసే ప్రత్యేక పరీక్ష జీవితంలో ఒక్కసారే. రంగులు గుర్తించడంలో లోపముంటే ఆ ఆశే లేదు. కాబట్టి ఆ కంటి పరీక్ష ఇంటర్‌లో చేరిన రోజే చేయించాలి, రెండేళ్ల కోచింగ్ ఫీజు కట్టాక కాదు.