చప్పట్లు అంగీకార పత్రం కాదు

గత ఏడాది మా అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ మీటింగ్ సెల్లార్‌లో జరిగింది. నాలుగు కార్లు బయటపెట్టి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ప్రెసిడెంట్, సెక్రటరీ పేర్లు ఐదు నిమిషాల్లో తేలిపోయాయి. ట్రెజరర్ దగ్గరికి వచ్చేసరికి అందరూ తలలు దించుకున్నారు. అంతలో వెనక వరసలోంచి ఒకాయన "బ్యాంకులో చేసిన సార్ ఉన్నారుగా, ఆయన పేరు ప్రపోజ్ చేస్తున్నా" అన్నారు. ఇంకొకరు బలపరిచారు. నేను నోరు తెరిచేలోపే చప్పట్లు కొట్టేశారు. సెక్రటరీ మినిట్స్ పుస్తకంలో "ఏకగ్రీవంగా" అని రాస్తుంటే నాకు కనబడుతూనే ఉంది.

లేచి నిలబడి, "వద్దండీ, నేను చేయలేను. నా పేరు రాయకండి" అన్నాను. ఒక్కసారిగా అందరూ నిశ్శబ్దమైపోయారు. రోజూ లిఫ్టులో పలకరించుకునే మనుషుల ముందు కాదనడం తేలిక కాదు. అయినా ఆ రోజు నేను చేసింది సంఘానికి మేలే అని గట్టిగా నమ్ముతున్నాను.

ఎందుకంటే అంతకుముందు మేమున్న అపార్ట్‌మెంట్‌లో ఇదే పదవిని మొహమాటానికి ఒప్పుకున్నాను. అప్పటికి ఉద్యోగంలోనే ఉన్నాను, ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిదయ్యేది. సెక్యూరిటీ ఏజెన్సీకి ఒక్క బిల్లు మీద 30,000 రూపాయలు దాటి ఇచ్చినా, ఏడాది మొత్తం లక్ష దాటినా టీడీఎస్, అంటే ఇచ్చే డబ్బులోంచే ముందుగా మినహాయించే ఆదాయపు పన్ను, పట్టుకోవాలి. పట్టుకున్నది ప్రభుత్వానికి కట్టి, మూడు నెలలకోసారి రిటర్న్ వేయాలి. అది ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల లేటు ఫీజు పడుతుంది. నేను రెండుసార్లు ఆలస్యం చేశాను. ఆ డబ్బు అందరి మెయింటెనెన్స్‌లోంచే పోయింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు గానీ, ఆ లెక్క చదివి వినిపించిన రోజు నేను తల ఎత్తుకోలేకపోయాను.

ట్రెజరర్ అంటే మెయింటెనెన్స్ వసూలు చేసి రసీదులివ్వడమే అని చాలామంది అనుకుంటారు. నెలకు ఒక్కో ఫ్లాట్ నుంచి 7,500 రూపాయలు మించి తీసుకుంటూ, సంఘం వార్షిక రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ కూడా కట్టాలి. మే నెలలో బోర్లు ఎండితే ట్యాంకర్ల వాళ్లు రోజూ డబ్బుల కోసం గేటు దగ్గర నిలబడతారు. చెక్కు మీద రెండో సంతకం ఈయనదే. ఇష్టం లేని మనిషి ఆ సంతకం పెట్టే చోట కూర్చుంటే, వాచ్‌మన్ జీతం కూడా ఆయన వీలును బట్టే అందుతుంది. పోనీ మధ్యలో వదిలేద్దామన్నా, కొత్త తీర్మానం, కొత్తవారి కేవైసీ వెళ్లేదాకా బ్యాంకులో పాత పేరే నడుస్తుంది.

ఆడవాళ్ల విషయంలో ఇది మరీ అన్యాయంగా ఉంటుంది. ఫ్లాట్ ఆమె పేరు మీద ఉంటుంది కాబట్టి పదవీ ఆమె పేరు మీదే పడుతుంది. మీటింగుకు భర్త వస్తాడు, ఒప్పుకునేదీ ఆయనే, సంతకాల బాధ్యత మాత్రం ఆమెది. ఆమెను ఒక్క మాట అడిగినవాళ్లు ఉండరు.

కంపెనీల చట్టం 2013 ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. డైరెక్టరుగా ఉండటానికి సమ్మతిస్తున్నానని ఆ మనిషి రాసివ్వాలి, నియామకం జరిగిన 30 రోజుల్లోపు ఆ సమ్మతి రిజిస్ట్రార్‌కు చేరాలి. మన సంఘాల్లో చాలావరకు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవే. వాటిలో నేను చూసినంతవరకు చప్పట్లే సమ్మతి. మౌనం అర్ధాంగీకారమన్న మాటను మనం పూర్తి అంగీకారం చేసేశాం. పేర్లు ప్రతిపాదించే ముందు ఒప్పుకుంటున్నట్టు ఒక కాగితం మీద సంతకం తీసుకోవాలని బైలాలో ఒక్క వాక్యం చేరిస్తే ఈ ఇబ్బంది సగం తగ్గుతుంది.

కాదనేటప్పుడు మనం చేసే తప్పు సాకులు చెప్పడం. "ఒంట్లో బాగుండటం లేదు" అంటే "పని మేం చూసుకుంటాం, మీరు సంతకం పెడితే చాలు" అంటారు. "అమ్మాయి పెళ్లి ఉంది" అంటే "పెళ్లయ్యాకే మొదలుపెట్టండి సార్" అంటారు. ప్రతి సాకుకూ వాళ్ల దగ్గర జవాబు ఉంటుంది. ఆ జవాబు చెప్పినవాళ్లు ఏరు దాటాక కనబడరు. అందుకే కారణం జోలికి పోకుండా చేయలేనని చెప్పడమే మంచిది. అక్కడే చెప్పాలి, మినిట్స్‌లో రాయమనాలి. మీరు లేనప్పుడు ఎన్నుకున్నారని తెలిస్తే, తెలిసిన రోజే ప్రెసిడెంటుకు రెండు లైన్ల ఉత్తరం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. రిజిస్ట్రార్‌కు పంపే కమిటీ జాబితాలో మీ పేరు వెళ్లకుండా చూసుకోవాలి. వాట్సాప్ గ్రూపులో దండం బొమ్మ పెట్టి ఊరుకుంటే సరిపోదు.

అందరూ ఇలాగే అంటే సంఘం నడిచేదెలా అని ఆ రోజు ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. లిఫ్టు, నీళ్లు, జనరేటరు అందరికీ కావాలి. కానీ ఎవరూ ముందుకు రావడం లేదంటే పదవిలోనే ఏదో తేడా ఉందన్నమాట. ఉద్యోగం చేసుకునే ఒక్క మనిషి మీద వసూళ్లు, పన్నులు, బిల్లులు అన్నీ మోపితే ఎవరు వస్తారు? బలవంతంగా ఒకరిని కూర్చోబెడితే ఆ తేడా ఇంకో ఏడాది కనబడకుండా పోతుంది, అంతే.

పదవి వద్దన్నాను గానీ, ప్రతి నెలా రెండో ఆదివారం కూర్చుని వోచర్లు సరిచూస్తానని ఆయనకు మాటిచ్చాను. ఎన్నిక పది రోజులు వాయిదా పడింది. ఈలోగా మూడో అంతస్తులో అద్దెకుండి, ఆ మధ్యే అక్కడే ఫ్లాట్ కొనుక్కున్న అబ్బాయి తనంతట తానే వచ్చాడు. టీడీఎస్, జీఎస్టీ పనులకు నెల జీతం మీద ఒక అకౌంటెంట్‌ను పెడితేనే చేస్తానన్నాడు. ఫ్లాటుకు నెలకు వంద రూపాయలు పెరిగింది. గొణిగినవాళ్లున్నారు, కానీ తీర్మానం పాసైంది. మొన్న రెండో ఆదివారం నేను వెళ్లేసరికి వోచర్లన్నీ తేదీల వారీగా ఫైల్లో పెట్టి ఉన్నాయి.