పాతవి వదలండి, కొత్తవి పొందండి

ప్రతి ఆదివారం సాయంత్రం 5 గంటలకు రాజమండ్రి కంబాలచెరువు పార్కులో మేం అయిదుగురం కూర్చుని బాగుపడుతుంటాం. ఒక వారం కోపం తగ్గించుకోవడం గురించి, ఇంకో వారం పొద్దున్నే లేవడం గురించి, మరో వారం ఫోను పక్కన పెట్టడం గురించి మాట్లాడుకుంటాం. రెండేళ్లుగా బాగుపడుతున్నాం. పని ఇంకా పూర్తి కాలేదు.

చిక్కేమిటంటే, అయిదుగురికీ ఒకరి మాటలు ఒకరికి కంఠతా వచ్చేశాయి. నేను "మా నాన్నగారు ఒకసారి..." అనగానే మిగతా నలుగురూ నవ్వేస్తారు, అసలు జోకు ఇంకా కోటిపల్లి బస్టాండు దగ్గరే ఉంటుంది. కొత్త మొహాలు కావాలనుకున్నాం.

రిటైరైన లెక్చరరు మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. "1727లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ జంటో అని ఇలాంటి సంఘమే పెట్టాడు. శుక్రవారం శుక్రవారం కూడేవాళ్లు. పన్నెండు మందికి మించి చేర్చుకోలేదు. మా స్నేహితుల్ని కూడా తెస్తామంటే, వద్దు, ఎవరికి వాళ్లు ఇంకో సంఘం పెట్టుకోండి అన్నాడు. జనం పెరిగితే చర్చ చచ్చిపోతుందండీ."

"మాస్టారూ, పదమూడోవాడు వస్తే అప్పుడు తోసేద్దాం. ముందు ఆరోవాడేడీ?" అన్నాను.

నోటి మాటగా పిలవడం అప్పటికే అయిపోయింది. "ఆదివారం చిన్న మీటింగుందండీ, జీవితం మారిపోతుంది" అనగానే ఎదుటివాడి మొహం పాలిపోయేది. ఒకాయన "నా కింద ఎంతమందిని చేర్చాలి?" అని అడిగాడు. ఇంకొకాయన "రెండు పాలసీలు ఇప్పటికే కడుతున్నానండీ" అంటూ నడక వేగం పెంచాడు. 1881లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఎంత వ్యతిరేకత వచ్చినా వెనక్కి తగ్గకుండా వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే. మేం పక్కింటాయన్ని పార్కు దాకా రప్పించలేకపోయాం.

అందుకని ఫ్లెక్సీ వేయిద్దామనుకున్నాం. "పాత అలవాట్లు వదలండి, కొత్త జీవితం పొందండి" అని కాగితం మీద రాసుకుని వెళ్లాను. షాపు కుర్రాడు దాన్ని చూసి పెదవి విరిచాడు.

"ఇంత మేటరు పెడితే బండి మీద వెళ్లేవాడు చదవలేడండీ. తగ్గిద్దాం."

"ఏం తగ్గిస్తావు?"

"అలవాట్లు తీసేద్దాం."

మేం రెండేళ్లుగా చేయలేనిది ఆ కుర్రాడు ఒక్క మీట నొక్కి చేసేశాడు. జీవితం కూడా తీసేశాడు. "పాతవి వదలండి, కొత్తవి పొందండి!" అని మిగిలింది. పక్కన ఖాళీగా ఉందని రిబ్బను కట్టిన గిఫ్టు పెట్టె బొమ్మ అతికించాడు. ప్రవేశం ఉచితం అని రాయమంటే, 'ప్రవేశం' పట్టలేదని 'ఉచితం' ఒక్కటీ ఎర్ర చుక్కలో వేశాడు. మా సంఘం పేరు అడుగున చీమలబారులా ఉంది. చూడ్డానికి కళకళలాడుతోంది కదా అని నేనూ తలూపాను.

ఆదివారం అయిదు కాకముందే పార్కు గేటు దగ్గర జనం. ముప్ఫై మందికి తక్కువ ఉండరు. చేతుల్లో సంచులు. నోటు పుస్తకాలు తెచ్చుకున్నారు కాబోలని నాకు కళ్లు చెమర్చాయి. మాస్టారు ఫ్రాంక్లిన్‌ని మర్చిపోయి, గొంతు సవరించుకుని లేచారు.

"మనలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక పాత బరువు మోసుకు తిరుగుతున్నాం."

"ఔనండీ, ఆటోకి అరవై అయింది" అన్నారు ముందు వరసలో ఒక పిన్నిగారు.

"ఆ బరువుని ఇక్కడ దించేయండి!"

ధబధబా దించారు. అప్పుడు కనిపించాయి: రెండు మిక్సీలు, ఒక ఇస్త్రీ పెట్టె, రెక్క విరిగిన టేబుల్ ఫ్యాను, పిన్నిగారి కుక్కరు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. మాస్టారికి కళ్లజోడు లేదు.

"దానికి బదులుగా ఇవాళ మీరు ఇంటికి తీసుకెళ్లేది..." అని ఆగారాయన. జనం ముందుకి వంగారు. "...మనశ్శాంతి!"

అందరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

"ఎన్ని లీటర్లండీ?" అన్నారు పిన్నిగారు.

తర్వాత జరిగింది వివరంగా చెప్పను. ఆ వారం మా చర్చాంశం 'కోపాన్ని జయించడం' అని మాత్రం చెబుతాను. ఫ్యాను తెచ్చినాయన ఆటో ఖర్చులిమ్మని పట్టుబట్టాడు, ఇచ్చాం. మిగతావాళ్లు తిట్టుకుంటూ వెళ్లారు. పిన్నిగారు మాత్రం "అయిదు లీటర్ల కుక్కరు మళ్లీ మోసుకెళ్లడం నావల్ల కాదు బాబూ" అని అక్కడే వదిలేసి చక్కా పోయారు.

పార్కులో వదిలేయడానికి మనసొప్పక ఇంటికి పట్టుకెళ్లాను. మా ఆవిడ గుమ్మంలోనే ఆపి, మూత తీసి, గ్యాస్కెట్టు వేలితో సాగదీసి చూసింది. "పాతవి వదలమని ఊరందరికీ చెప్పి, మీరు మోసుకొచ్చారా? విజిలు కూడా లేదు దీనికి" అంది.

తర్వాతి ఆదివారం మళ్లీ అదే బెంచీ, మేం అయిదుగురం. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. ఇంతలో గేటులోంచి పిన్నిగారు. వచ్చి బెంచీ చివర చోటు చేసుకుని కూర్చుని, కొంగు ముడి విప్పి విజిలు నా చేతిలో పెట్టారు.

"పోయినవారం ఇంట్లో మర్చిపోయాను బాబూ. ఇప్పుడు అన్నీ ఇచ్చేసినట్టే. కొత్తది ఎప్పుడిస్తారో చెప్పండి, అందాకా వారం వారం వస్తుంటాను."

మాస్టారు హాజరు పుస్తకం తీసి ఆవిడ పేరు రాసుకున్నారు. కళ్లజోడు సర్దుకుని నావైపు తిరిగి, "ఇంక ఆరుగురికే చోటుంది" అన్నారు.