కొలబద్దను జరిపితే ఎండ తగ్గుతుందా?

వానాకాలం ముగిసిన ప్రతిసారీ పాలకులకు ఊరటనిచ్చే మాట ఒకటి ఉంది: సాధారణ వర్షపాతం. ఆ ముద్ర పడిందంటే ఇక ఆ ఏడాది గురించి మాట్లాడేవారు ఉండరు. తెలంగాణకు 2023లో ఆ ముద్రే పడింది. ఆ ఏడాది ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. జులై 26 ఉదయం నుంచి 27 ఉదయం వరకు, ఒక్క రోజులో, ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో ఒక్కరోజు వర్షపాతానికి అంతటి లెక్క అంతకు ముందెన్నడూ లేదు. నైరుతి రుతుపవనాల నాలుగు నెలలకూ కలిపి రాష్ట్ర సగటు 74 సెంటీమీటర్లకు కాస్త అటూఇటూగా ఉంటుంది. అందులో పదింట తొమ్మిది వంతులకు చేరువైనంత నీరు ఒక ఊరి మీద ఒక పగలు, ఒక రాత్రిలో దిగింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో తెల్లవారేసరికి వాగు ఊరిని కమ్మేసింది. జనం ఇంటి కప్పుల మీదికెక్కి గంటల తరబడి దిక్కులు చూస్తే, వారిని కాపాడటానికి హెలికాప్టర్లు రావలసి వచ్చింది.

ఆ తరువాతి నెలే వాన ముఖం చాటేసింది. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో దేశం చూసిన అత్యంత పొడి ఆగస్టు అది; దేశం మొత్తం మీద లోటు 36 శాతం. తెలంగాణలో ఆ నెలకు రావలసిన దానిలో సగం కూడా రాలేదు. ఎగువ నుంచి కృష్ణా నీరు చాలినంత రాక, నాగార్జునసాగర్ నిండక, ఎడమ కాలువ ఆయకట్టుకు ఆ యాసంగిలో సాగునీరు అందలేదు. ముంచిన జులైనీ మాడ్చిన ఆగస్టునూ ఒకే గంపలో వేసి, గోదావరి ఒడ్డునూ కృష్ణా ఒడ్డునూ కలిపి సగటు తీశారు. సగటుకు 19 శాతం తక్కువైనా 19 శాతం ఎక్కువైనా 'సాధారణం' కిందనే రాయాలన్నది వాతావరణ శాఖ నిబంధన. 2023 ఆ రెండు గీతల మధ్య పడింది. కూడికలో తప్పేమీ లేదు. ఆ కూడిక చాటున దాక్కోవడమే తప్పు.

పత్తి రైతుకు సీజను సగటుతో పని లేదు. మృగశిరలో ఒక వాన పడగానే ఎకరానికి రెండు ప్యాకెట్ల చొప్పున గింజలు కొని, సాళ్లు తోలించి, కూలీలతో పెట్టిస్తాడు. పదును ఉంటే వారంలోపే రెండాకులు పైకి వస్తాయి. వాన వెనక్కి తగ్గితే పైమట్టి అట్టకడుతుంది. గోటితో ఆ పెళ్లను లేపి చూస్తే, తెల్లటి మొలక మెడ వంచుకుని లోపలే వడలిపోయి కనిపిస్తుంది. మళ్లీ ప్యాకెట్లు, మళ్లీ కూలి, మళ్లీ అప్పు. రెండోసారి పెట్టిన గింజ మోకాలెత్తు పెరిగేసరికి వాగు పొంగి చేలో ఇసుక మేట వేస్తుంది. మిగిలిన మొక్క పూతకు వచ్చే వేళకు మూడు వారాలు చినుకు రాలదు. సెప్టెంబరు 30న ఆ చేను మీద పడిన నీటినంతా కూడితే లెక్క సరిపోతుంది. రైతు చేతికి వచ్చింది ఏమిటని మాత్రం ఆ లెక్క అడగదు. పైగా తెలంగాణ 2020లోనే ప్రధానమంత్రి ఫసల్ బీమా నుంచి తప్పుకుంది. అప్పటి నుంచి అలాంటి చేను నష్టాన్ని ఎవరు ఏ కొలతతో పూడ్చారో ఆ రైతులనే అడగాలి.

ఇది ఒక ఏడాది పొరపాటు వాన అనుకోవడానికి వీల్లేదు. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన అంచనా నివేదికే ఈ సంగతి చెప్పింది. 1901 నుంచి 2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. 1951 నుంచి 2015 మధ్య రుతుపవన వర్షం సుమారు 6 శాతం తగ్గింది. అదే కాలంలో, మన ఉత్తర సరిహద్దుకు ఆనుకుని ఉన్న మధ్య భారతంలో, రోజుకు 150 మిల్లీమీటర్లు దాటే కుండపోతలు దాదాపు 75 శాతం పెరిగాయి. వానల నడుమ వచ్చే పొడి విరామాలు 1951–80 నాటితో పోలిస్తే తరువాతి మూడు దశాబ్దాల్లో 27 శాతం ఎక్కువయ్యాయి. మొత్తం తగ్గింది, కురిస్తే ముంచుతోంది, ఆగితే ఎండగడుతోంది. ఈ మూడూ ఒకేసారి జరుగుతున్నప్పుడు సీజను మొత్తాన్ని చూపించి అంతా బాగుందనడం రోగి జ్వరానికీ చలికీ సగటు తీసి ఒళ్లు చల్లగానే ఉందని చెప్పడమే.

ఇంతకంటే ఆందోళన కలిగించే విషయం వేరే ఉంది. దేనితో పోల్చి 'సాధారణం' అంటున్నారో ఆ గీతే పదేళ్లకోసారి జరుగుతోంది. దేశ నైరుతి వర్షపాతపు దీర్ఘకాల సగటు ఒకప్పుడు 89 సెంటీమీటర్లు. తరువాత 88 అయింది. 2022లో దాన్ని 1971–2020 లెక్కతో 87కు తెచ్చారు. మునుపు లోటుగా కనిపించే వాన ఇప్పుడు ఆ మేరకు నిండుగా కనిపిస్తుంది. ఉష్ణోగ్రతల సంగతి ఇంకా స్పష్టం. 2016 సంవత్సరాన్నే తీసుకోండి. ఆ ఏడాది దేశ సగటు ఉష్ణోగ్రత 1961–90 సగటు కంటే 0.91 డిగ్రీలు ఎక్కువని వాతావరణ శాఖ అప్పట్లో ప్రకటించింది. గీతను 1981–2010కి మార్చాక అదే 2016 కేవలం 0.71 డిగ్రీలు ఎక్కువైంది. 1991–2020కి మార్చాక 0.54 అయింది. ఆ ఏడాది ఎండ మారలేదు, దానికి బలైనవారు తిరిగి రాలేదు. కాగితం మీద మాత్రం 2016 సవరణ సవరణకూ చల్లబడుతూ వచ్చింది. 1901 తరువాత అత్యంత వేడి సంవత్సరంగా నిలిచిన 2024ను కొత్త గీతతో కొలిచి 0.65 డిగ్రీలు ఎక్కువ అన్నారు. పాత గీతతో కొలిస్తే అది ఒక డిగ్రీకి చేరువవుతుంది. 0.65 అని చదివిన పాఠకుడికి ఆ తేడా ఎవరు చెబుతారు?

ముప్పై ఏళ్ల సగటును పదేళ్లకోసారి సవరించడం ప్రపంచ వాతావరణ సంస్థ పెట్టిన నియమమేనని నిపుణులు అంటారు. వర్షపు సగటు తగ్గడం దశాబ్దాల పాటు సాగే సహజమైన ఒడిదుడుకుల్లో భాగమని, తడి దశ మళ్లీ వస్తుందని వాతావరణ శాఖ వివరించింది. కాదనడం లేదు. అయితే దీర్ఘకాల మార్పును అంచనా వేయడానికి 1961–90 సగటును స్థిరంగా ఉంచుకోవాలని చెప్పింది కూడా అదే ప్రపంచ సంస్థ. సవరించమన్న సగం సలహాను పాటించి, నిలిపి ఉంచమన్న సగాన్ని జనం కంటికి కనబడకుండా చేయడం ఎందుకు? రెండు అంకెలూ పక్కపక్కన అచ్చువేయడానికి అయ్యే ఖర్చు ఎంత?

గీత జరగడం పట్టికల్లో ఆగిపోదు, ప్రాణాల దాకా వస్తుంది. మైదాన ప్రాంతాల్లో వడగాలి ప్రకటించాలంటే గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. లేదా నేరుగా 45 డిగ్రీలకు చేరాలి. మే నెల సాధారణం 42గా ఉన్న ఊరు ఒకటి అనుకుందాం. అక్కడ 44.9 డిగ్రీల ఎండలో ఉపాధి హామీ కూలీ చెరువు మట్టి తవ్వుతూ కుప్పకూలితే, పై రెండు కొలతల్లో ఏ ఒక్కదాని ప్రకారమూ ఆ రోజు వడగాలి లేనట్టే. ఆ ఊరి సాధారణం వచ్చే సవరణలో ఇంకో అర డిగ్రీ పెరిగితే, తేడా లెక్కన ప్రమాదం అర డిగ్రీ తగ్గినట్టు కనిపిస్తుంది. వేడి పెరిగిన కొద్దీ వడగాలి ప్రకటనకు దారి ఇరుకవడం ఎక్కడి న్యాయం? గాలిలోని తేమ ఈ కొలతలో లేనే లేదు. రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల రేకుల కప్పు కింద రాత్రి రెండింటికి కూడా గోడ చెయ్యి కాలుస్తుంది. పగలంతా ఓపెన్‌కాస్టు గనిలో కాగిన మనిషికి ఒళ్లు చల్లారే గడియ దొరకదు. రాత్రి వేడిని లెక్కలోకి తీసుకోవడానికి కూడా ముందు పగటి ఉష్ణోగ్రత 40 దాటి ఉండాలన్న షరతు ఉంది.

2015 మే నెలలో దేశంలో వడదెబ్బకు 2 వేల మందికి పైగా చనిపోతే, వారిలో అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాలవారే. ఆ గాయం మరిచిపోలేదన్నట్టుగా తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడగాలులు, వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు పరిహారాన్ని 4 లక్షల రూపాయలకు పెంచింది. మంచి పని, మెచ్చుకోవలసిందే. కానీ విపత్తు అని పేరు పెట్టి, ఆ విపత్తును గుర్తించే గీతను మాత్రం పదేళ్లకోసారి పైకి జరగనిస్తే ఆ 4 లక్షలు ఎందరి ఇంటికి చేరతాయి?

ఈ వ్యవహారంలో మరో ద్వంద్వ నీతి ఉంది. వరద వచ్చిన రోజున మన పాలకులకు అది 'కనీవినీ ఎరుగని వాన'. కేంద్రానికి సాయం కోసం లేఖ రాసేటప్పుడు అది 'చరిత్రలో ఎన్నడూ లేని విపత్తు'. నాలాల మీద కట్టడాలకు అనుమతులెవరిచ్చారని, చెరువు శిఖం ఎవరు కబ్జా చేశారని అడిగితే 'ఊహించని వాన' అడ్డొస్తుంది. సీజను ముగిసి రైతు నష్టపరిహారం అడిగిన రోజున అదే వాన 'సాధారణం'. అసాధారణం అన్నది బాధ్యత తప్పించుకోవడానికి, సాధారణం అన్నది చెల్లింపు తప్పించుకోవడానికి. ఒకే ఏడాదికి రెండు నాలుకలు ఎలా సాధ్యం? పైగా ఊహించని వాన అన్నది నిజం కాదు. లక్ష్మీదేవిపేటకు పదేళ్ల ముందే, 2013 జులై 19న, ఇప్పుడు అదే ములుగు జిల్లాలో ఉన్న వాజేడులో 517.5 మిల్లీమీటర్ల వాన కురిసింది. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ పరిసరాల్లో ఒక్కరోజులో 32 సెంటీమీటర్లు పడి హైదరాబాద్ కాలనీలకు కాలనీలే రోజుల తరబడి నీళ్లలో నానాయి. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. ఇన్నిసార్లు చూసినదాన్ని ఊహించలేదనడం చూడటానికి ఇష్టపడలేదని ఒప్పుకోవడమే.

ఇక ముందుంది అసలు ప్రమాదం. ఉష్ణోగ్రతలకు ఇప్పటి 1991–2020 సగటు తరువాత 2001–2030 సగటు వస్తుంది; వానల సగటు కూడా అలాగే ముందుకు జరుగుతుంది. 2015 వడగాలులు, 2016 వేడి ఇప్పటి సగటులోనే కలిసిపోయాయి; లక్ష్మీదేవిపేట కుండపోత, 2023 ఆగస్టు ఎండు, 2024 మంట అన్నీ ఆ కొత్త 'సాధారణం'లో కలిసిపోతాయి. మోరంచపల్లిని ముంచిన సంవత్సరం మన పిల్లల కాలానికి కొలబద్దలో ఒక భాగమవుతుంది. అప్పుడు అంతకంటే ఘోరమైతేనే విపత్తు అనిపించుకుంటుంది. ఒకసారి ఈ అలవాటు కుదిరితే ప్రతి దశాబ్దమూ ముందటి దశాబ్దపు నష్టాన్ని మింగి, పేరు మార్చి అప్పగిస్తుంది.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. రాష్ట్ర ప్రణాళికాభివృద్ధి సంస్థ చేతిలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. మండలాలవారీగా ఏ వారం ఎంత కురిసిందో, ఎన్ని రోజులు చినుకు లేదో వారికి తెలుసు. హైదరాబాద్, హనుమకొండ, నిజామాబాద్ వంటి చోట్ల వాతావరణ శాఖ దశాబ్దాల నాటి రికార్డులు ఉన్నాయి. వాటిని కలిపి, ప్రతి సీజను చివర మూడు అంకెలు ప్రచురించాలి: మారిన సగటుతో పోలిక, మారని 1961–90 సగటుతో పోలిక, మండలంలో వచ్చిన అతి పొడవైన పొడి విరామం. రాష్ట్రమంతటా కట్టిన 2,601 రైతు వేదికల గోడల మీద అవి తెలుగులో రాయించాలి. పంట నష్టం, కరవు నిర్ణయాలకు సీజను మొత్తాన్ని పక్కనపెట్టి మూడో అంకెకు పెద్దపీట వేయాలి. వడగాలి హెచ్చరికలో రాత్రి వేడిని, తేమను చేర్చమని కేంద్రాన్ని పట్టుబట్టి అడగాలి. కేంద్రం కదలకపోతే రాష్ట్రం సొంత ప్రమాణం పెట్టుకోవాలి.

సమాచారం లేదన్న సాకు ఈ ప్రభుత్వానికి లేదు, ఇంతకు ముందు ప్రభుత్వానికీ లేకపోయింది. అంకెలన్నీ అధికారుల కంప్యూటర్లలోనే ఉన్నాయి. వచ్చే జూన్ ఒకటో తేదీ నాటికి ఆ మారని గీత ప్రజల ముందుకు రాకపోతే దాన్ని చేతకానితనం అనుకోలేం. తెలిసి దాచారనే అనుకోవలసి వస్తుంది.