మహారాజశ్రీ వైఫై కార్డు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ వైఫై కార్డు గారి దివ్యసముఖమునకు,

ల్యాప్‌టాప్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్న ఒక సామాన్యుడు అనేక నమస్కారాలతో రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఇక్కడ కుశలం ఏమీ లేదు. తమరు మాత్రం క్షేమంగానే ఉన్నారని మెషిన్‌లో ఏయే పరికరాలున్నాయో చెప్పే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ కొట్టగానే తెలిసింది. కంపెనీ పేరు, చిప్ నంబరు, రివిజన్‌తో సహా మీ బిరుదులన్నీ ఒకే లైన్లో వరసగా వచ్చాయి. అటు సెట్టింగ్స్ తెరిస్తే ‘వైఫై అడాప్టర్ దొరకలేదు’ అంటోంది. అంటే తమరు ఇంట్లోనే ఉన్నారు, పలకడం లేదంతే.

ఎందుకలిగారో అని లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ రాసుకునే చిట్టా, డీమెస్‌జీ, తెరిచి చూశాను. ఎవరికీ పట్టని లైన్ల మధ్య ఒక ఎర్ర లైను: ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్) లోడ్ కాలేదు, ఎర్రర్ మైనస్ 2. అడిగిన ఫైల్ డిస్క్ మీద లేదని దాని భావం. అప్పుడు తెలిసింది తమరి దర్జా. చెయ్యాల్సిన పనికి కావలసిన ప్రోగ్రామ్ తమరు వెంట తెచ్చుకోరు. మెషిన్ ఆన్ చేసినప్పుడల్లా కెర్నల్ వెళ్లి ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లోంచి దాన్ని తెచ్చి తమరికి తినిపించాలి. సరే, తినిపిద్దాం. ఆ ఫైల్ ఎక్కడుంది? నెట్‌లో. నెట్ ఎలా రావాలి? తమరి ద్వారా. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు.

చివరికి ఫోన్‌కి కేబుల్ తగిలించి ఫోన్‌లోని నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాను. లినక్స్ దాన్ని మామూలు వైర్డ్ కనెక్షన్ లాగే తీసుకుంది, పరికరాన్ని కెర్నల్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్ ఉంటుందే, ఆ డ్రైవర్ ఏదీ విడిగా అడగలేదు. అక్కడే నాకు ఒళ్లు మండింది. ఆ ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది లినక్స్ కెర్నల్ మీదే. అందులో ఉన్న వైఫై చిప్ తమరి జాతిదే, నిక్షేపంగా పనిచేస్తోంది. సిగ్నల్ పంపే రౌటర్లలో కూడా చాలావాటి లోపల ఉన్నది లినక్సే. అందరికీ పడిన లినక్స్ తమరొక్కరికే పడదా? పడకేం! ఫోన్ తయారుచేసేవాడు చిప్పులు లక్షల్లో కొంటాడు, కాబట్టి వాడికి డ్రైవర్ రాసిస్తారు. ఒక్క ల్యాప్‌టాప్ కొనుక్కున్న నాకెవరు రాసిస్తారు?

ఎవరో ఒకరు రాశారు లెండి, జీతం లేకుండా. బ్రాడ్‌కామ్ అనే కంపెనీ చిప్పుల లోపలి వివరాలు బయటికి రాని రోజుల్లో, చిప్‌లోని ఏ రిజిస్టర్‌లో (అంటే ఏ గడిలో) ఏం రాస్తే ఏమవుతుందో గమనించి గమనించి బీ43 అనే డ్రైవర్ రాసుకున్నారు. ఫర్మ్‌వేర్‌ని పంచే అనుమతి లేదు గనుక, కంపెనీ డ్రైవర్ ఫైల్లోంచి దాన్ని కోసి తీయడానికి ప్రత్యేకంగా ఒక టూల్ కూడా తయారుచేశారు. పేరే ఫర్మ్‌వేర్ కట్టర్. విండోస్ డ్రైవర్‌నే తెచ్చి లినక్స్‌లో నడిపించిన ఎన్‌డీఐఎస్ ర్యాపర్ అనే సాహసం కూడా జరిగింది. 2010లో గానీ బ్రాడ్‌కామ్ తన కొత్త చిప్పులకు ఓపెన్ సోర్స్ డ్రైవర్ విడుదల చెయ్యలేదు. ఇక సోర్స్ కోడ్ ఎవరైనా చూసి మార్చుకోగలిగే ఫ్రీ సాఫ్ట్‌వేర్ విషయంలో నిప్పులాంటి, లినక్స్‌ని తయారుచేసి పంచే డెబియన్ వాళ్లు సైతం 2022లో ఓటింగ్ పెట్టుకుని, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఆ స్వేచ్ఛ లేని నాన్‌ఫ్రీ ఫర్మ్‌వేర్ పెట్టేశారు. సిద్ధాంతాలను కూడా వంచగలిగిన ఘనత తమరిది.

తమరితో పడలేక తమరి తమ్ముణ్ని, అదే, యూఎస్‌బీ పోర్టులో గుచ్చే వైఫై డాంగిల్‌ని తెచ్చుకున్నాను. గుచ్చగానే ఆయన సీడీ డ్రైవ్ వేషంలో ప్రత్యక్షమయ్యాడు! లోపల విండోస్ సెటప్ ఫైల్ ఒకటి. ఆ సీడీని ఎజెక్ట్ చేస్తే తప్ప నిజరూపం చూపించడు. దానికి యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అని ఇంకో ప్రోగ్రామ్. అన్నట్టు, ఈ డాంగిళ్లలో అదే మోడల్ పేరుతో వెర్షన్ 1లో ఒక చిప్పు, వెర్షన్ 2లో ఇంకో చిప్పు ఉండటం మామూలేనట. వెర్షన్ నంబరు వెనక స్టిక్కర్ మీద చీమ తలకాయంత.

సరే, దాని డ్రైవర్ సోర్స్ కోడ్ తెచ్చి కంపైల్ చేశాం. మెషిన్ ఆన్ అయ్యేటప్పుడు కాపలా కాసే సెక్యూర్ బూట్ లేచి, డిజిటల్ సంతకం లేని మాడ్యూల్‌ని, అంటే ఆ డ్రైవర్‌ని, రానివ్వనంది. ఆ సంతకానికొక కీ. ఆ కీని నమోదు చెయ్యడానికి రీబూట్‌లో ఒక నీలి తెర. కొద్ది సెకన్లలో కీబోర్డ్ మీద ఏదో ఒక మీట నొక్కకపోతే ఆ తెర కూడా వెళ్లిపోతుంది, మళ్లీ మొదటికి. అదీ దాటాక సిగ్నల్ గీతలు కనిపించాయి. పండగే అనుకున్నాను. కెర్నల్ అప్‌డేట్ వచ్చేదాకా!

కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లు, అంటే డ్రైవర్లు దానితో మాట్లాడే పద్ధతులు, ఎప్పుడైనా మారొచ్చు, అది కెర్నల్ రాసేవాళ్లు దాచుకోని సంగతే. కెర్నల్ సోర్స్‌లోనే ఉన్న డ్రైవర్లను, ఆ మార్పు చేసినవాళ్లే సరిచేస్తారు. బయట ఉన్న డ్రైవర్‌కి దిక్కెవరు? డీకేఎంఎస్ అనే ప్రోగ్రామ్ పాపం ప్రతి అప్‌డేట్‌కీ దాన్ని తిరిగి బిల్డ్ చెయ్యడానికి ప్రయత్నిస్తుంది. ఏదో ఫంక్షన్‌లో ఒక ఆర్గ్యుమెంట్ మారి ఉంటుంది, కంపైలర్ చేతులెత్తేస్తుంది, నేను పాత కెర్నల్‌తో బూట్ అవుతాను.

కాబట్టి తమరి యజమానులకు నా మాటగా చెప్పండి. రహస్యాలు చెప్పమనడం లేదు, ఫర్మ్‌వేర్ సోర్స్ ఇమ్మని కూడా అడగడం లేదు. ఆ ఫైల్‌ని ఎవరైనా పంచుకోవచ్చని లైసెన్స్‌లో ఒక్క వాక్యం, కెర్నల్‌లోనే చేరిన ఒక డ్రైవర్. కొందరు ఇప్పటికే ఇస్తున్నారు, వాళ్ల చిప్పులకు ఏ ప్రమాదమూ జరగలేదు. ఆ మాత్రం చేస్తే ఇలాంటి ఉత్తరాలు తమరికి రావు.

చిత్తగించవలెను.

ఇట్లు,
టెర్మినల్ ముందు చేతులు కట్టుకు నిలబడ్డ
తమరి వినియోగదారుడు

తా.క.: తమరిలోనే బ్లూటూత్ గారు కూడా కాపురముంటున్నారని ఇప్పుడే తెలిసింది. ఆయనకి వేరే ఫర్మ్‌వేర్ కావాలట.