58వ సెక్షన్ గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ మాదకద్రవ్యాల చట్టం 58వ సెక్షన్ గారికి,

ఉభయకుశలోపరి. 1985లో పుట్టిన దగ్గర్నుంచీ మీ ఒంటికి చెమట పట్టడం నేనైతే చూడలేదు. కాబట్టి ఆరోగ్యంగానే ఉండి ఉంటారు.

మీరెవరో చాలామందికి తెలియదు. సరైన అనుమానం లేకుండా ఇల్లు సోదా చేసినా, వేధించడానికే ఎవరినైనా అరెస్టు చేసినా ఆ అధికారిని శిక్షించాల్సింది మీరే. 6 నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదే ఎదుటివాడి దగ్గర 20 కిలోలు దాటి గంజాయి దొరికిందని రుజువైతే? 10 ఏళ్లకు తగ్గకుండా 20 ఏళ్ల వరకు జైలు, లక్షకు తగ్గని జరిమానా. అన్నట్టు, మీరు పుట్టేనాటికి వెయ్యి నోటే లేదు, 1978లో రద్దయింది. మధ్యలో మళ్లీ వచ్చింది, 2016లో మళ్లీ పోయింది. మీ వెయ్యి మాత్రం చెక్కుచెదరలేదు.

మీలోనే ఇంకో క్లాజుంది. కావాలని అబద్ధపు సమాచారమిచ్చి అరెస్టు చేయించినవాడికి 2 ఏళ్ల వరకు జైలు. చాడీ చెప్పినవాడికి రెండేళ్లు, వేధించి లోపలేసినవాడికి ఆరు నెలలు! ఈ లెక్క కట్టిన మహానుభావుడికి దండం.

మీ అన్నగారు 37 అలా కాదు, రాత్రింబవళ్లు డ్యూటీలోనే ఉంటారు. సరుకు ఎక్కువని రాశారా, ఇక నిందితుడు తప్పు చేయలేదని జడ్జికి విచారణకు ముందే నమ్మకం కలిగితే తప్ప బెయిల్ లేదు. చార్జిషీటుకు 180 రోజులు, కోర్టు సరేనంటే ఏడాది. 2023లో కేరళలో ఒకావిడ సంచిలో ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు పట్టించిన కాగితపు స్టాంపులు దొరికాయన్నారు. 72 రోజులు జైల్లో ఉంది. అవి అసలు మత్తుమందే కాదని తర్వాత ల్యాబ్ తేల్చింది. ఆ 72 రోజులూ మీరెక్కడున్నారండీ?

సోదా జరిగిందని సాక్షుల సంతకాలతో రాసే పంచనామాలు ఎప్పుడైనా చదివారా? 'విశ్వసనీయ సమాచారం మేరకు వెళ్లగా, మమ్మల్ని చూసి పారిపోబోగా, మధ్యవర్తుల సమక్షంలో సోదా చేయగా...' ఊరు మారినా మనిషి మారినా వాక్యం మారదు. ఆ పారిపోబోయినవాడు ఒక్కోసారి అప్పటికే స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఉంటాడు. పొట్లానికి లక్క సీలు, కింద ఇద్దరి సంతకాలు. ఏళ్ల తర్వాత ఆ ఇద్దరిలో ఒకాయన బోనెక్కి, "సంతకం నాదేనండి. చదవలేదు. పెట్టమన్నారు, పెట్టాను" అంటాడు. కేసు కొట్టేస్తారు. కేసు ప్రాపర్టీ కింద పట్టుకెళ్లిన ఫోన్ తిరిగిస్తారు. దానికి సరిపోయే చార్జర్ అప్పటికి ఎవరింట్లోనూ ఉండదు.

సీలు వేసిన అధికారి ఈలోగా బదిలీ మీద ఇంకో ఊళ్లో ఉంటారు. అడగబోతే గడపలో మీ తమ్ముడు 69 అడ్డం. 'సదుద్దేశంతో చేశారండీ' అంటాడు. లక్క సీలులో సదుద్దేశం ఏ మూల కనిపిస్తుందో ఆయన్నే అడగాలి.

సోదాను వీడియో తీయాలని 2024 జూలై నుంచి కొత్త నేర విచారణ చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) చెబుతోంది. ఒక్కసారి బయటికొచ్చి, ఆ వీడియో ఏదని అడగరూ? దారి ఖర్చులకు వెయ్యి రూపాయలు నేనిస్తాను.

ఈ ఉత్తరం అందినట్టు ఇద్దరు మధ్యవర్తుల చేత సంతకం పెట్టించండి. వాళ్లు చదవకపోయినా పర్వాలేదు.

ఇట్లు,
ఇంకా పారిపోబోని ఒక పౌరుడు