నీళ్లు పోయే దారి చూడనివాడు ఫర్నేస్ బిగించకూడదు

ఈ ఉదయం మా ఇంటికి వచ్చిన టెక్నీషియన్ ఇంటిని వేడిచేసే గ్యాస్ ఫర్నేస్ తలుపు తీసి, లోపల మిణుకుమంటున్న ఎర్ర లైటు ఎన్నిసార్లు వెలుగుతోందో చూసి, ప్రెషర్ స్విచ్ పాడైందని తేల్చాడు. కొత్తది బిగించి, బిల్లు ఫోన్‌కు పంపి వెళ్లిపోయాడు. కెనడాలోని మా ఎడ్మంటన్‌లో బయట మైనస్ 28 డిగ్రీలు. అతని వ్యాను వీధి మలుపు తిరిగిందో లేదో, ఫర్నేస్ మళ్లీ ఆగిపోయింది. ఫోన్ చేస్తే, ఇంత చలిలో చాలా ఇళ్లలో ఇలాగే జరుగుతుందని చెప్పాడు. ఆ జవాబు వింటే నాకు ఒళ్లు మండిపోయింది. చలిని తట్టుకోవడానికి కొన్న యంత్రం చలి వల్లే ఆగుతుందని చెప్పడానికి నోరెలా వచ్చిందో నాకు అర్థం కావడం లేదు.

ఆ స్విచ్‌లో ఏ లోపమూ లేదు. పొగను బయటికి లాగే ఫ్యాన్ సరిగ్గా లాగుతోందా లేదా అని కనిపెట్టి, లాగకపోతే గ్యాస్ వెలగకుండా ఆపడమే దాని పని. పొగ పైపులో నీళ్లు నిలిచి దారి మూసుకుపోతుంటే అది తన పని తాను చేసింది. నీళ్లు ఎందుకు నిలిచాయని అడగవలసినవాడు అడగలేదు.

మా ఇంట్లోలాంటి కొత్త రకం ఫర్నేస్‌కు నీళ్లు పోయే దారి ప్రాణంతో సమానం. ఒక ఘనపు మీటరు సహజవాయువు మండితే సుమారు లీటరున్నర నీరు ఆవిరిగా పుడుతుంది. పాత ఫర్నేస్‌లు ఆ ఆవిరిని వేడి పొగతోపాటు చిమ్నీ గుండా ఆకాశంలోకి వదిలేసేవి. కొత్తవాటిలో పొగ వేడిని ఇంటి గాలికి అందించే రెండో హీట్ ఎక్స్ఛేంజర్ ఆ ఆవిరిని చల్లబరిచి నీరుగా మార్చి, అందులోని వేడిని కూడా ఇంటికే ఇస్తుంది. అందుకే పొగ ప్లాస్టిక్ పైపులో పోగలిగేంత చల్లగా ఉంటుంది, అందుకే గట్టి చలి రోజున బకెట్ల కొద్దీ నీరు కారుతుంది. ఆ నీటికి దారి చూపించకుండా ఫర్నేస్ బిగించడమంటే తూము లేని చెరువు తవ్వడమే.

ఆ టెక్నీషియన్ వెళ్లాక బేస్‌మెంట్ పైకప్పు కింద పొగ పైపు వెంబడి టార్చి వేసి చూశాను. పైపు బయటి గోడ నుంచి ఫర్నేస్ వైపుకు అడుగుకు పావు అంగుళం చొప్పున వాలుగా రావాలి. అంటే 20 అడుగుల పైపుకు 5 అంగుళాల వాలు ఉండాలి. మా పైపును పట్టి ఉంచే క్లాంపులు దూరదూరంగా వేయడం వల్ల నడుమ కుంగిపోయింది. గోడ దగ్గరి ఎల్బో, అంటే పైపు మలుపు ముక్క, అయితే బయటి వైపుకే వాలి ఉంది. ఫర్నేస్ నడుస్తున్నప్పుడు ఆ కుంగిన చోట చేయి పెడితే లోపల నీళ్లు గుడగుడలాడడం వేళ్లకు తెలుస్తోంది. బయట పైపు మూతి దగ్గర మంచు గడ్డకట్టి వేలాడుతోంది. ఇక ఫర్నేస్‌లోని నీరు వచ్చి చేరే ట్రాప్ నుంచి నేల తూముకు వెళ్లే సన్నని గొట్టం మధ్యలో ఒక చెక్క దిమ్మె మీదుగా పైకెక్కి దిగుతోంది, దాని లోపలంతా గోధుమరంగు జిగురు పేరుకుని ఉంది. ఇంతా కళ్లెదుటే ఉంటే, చూడవలసిన మనిషి ఎర్ర లైటును మాత్రమే చూసి వెళ్లిపోయాడు.

మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఎవరైనా ఫర్నేస్ గురించి అడగగానే ఏ బ్రాండ్, ఎంత శాతం, ఎన్నేళ్ల వారంటీ, ఎవరు తక్కువకు చేస్తారు అన్న ప్రశ్నలే వస్తాయి. 2019 జూలై తర్వాత తయారైన మామూలు ఇంటి గ్యాస్ ఫర్నేస్‌కు 95 శాతం సామర్థ్యం ఉండాలని కెనడాలో నిబంధనే ఉంది కాబట్టి, 96 శాతం అని రాసిన స్టిక్కరు చూసి మురిసిపోవడానికి ఏమీ లేదు. అడగవలసినవి వేరే ఉన్నాయి. పొగ పైపు, గ్యాస్ పొగకు వాడే ప్లాస్టిక్ పైపుల కెనడా ప్రమాణమైన యూఎల్‌సీ ఎస్636కు చెందినదేనా, పైపూ ఎల్బోలూ జిగురూ ఒకే తయారీదారువేనా? బయటి మూతి ఆ చోట పేరుకునే మంచు కంటే కనీసం 12 అంగుళాలు పైన ఉందా? ఆమ్లగుణం ఉన్న ఆ నీరు ఇనుప తూమును తినేయకుండా సున్నపురాళ్లు నింపిన న్యూట్రలైజర్ పెడతారా? ఆ నీటిని తోడే పంపు పెడితే, అది నిండిపోయినప్పుడు ఫర్నేస్‌ను ఆపే స్విచ్ వైరు కలుపుతారా? ఇవి అడిగినవారికి అతి జాగ్రత్తపరులని పేరు పెట్టడం నేను ఆ గ్రూపుల్లో చూశాను, అది నాకు చాలా బాధ కలిగించింది.

ఇంతకంటే పెద్ద కోపం నాలో చాలా ఏళ్లుగా ఉంది. మా మొదటి ఇల్లు పాతది. ఫర్నేస్, వాటర్ హీటర్ రెండింటి పొగా ఒకే ఇటుక చిమ్నీలోకి పోయేది. కొత్త ఫర్నేస్ బిగించినవాళ్లు దానికి గోడలోంచి ప్లాస్టిక్ పైపు వేసి, వాటర్ హీటర్‌ను ఆ పెద్ద చిమ్నీకి ఒంటరిగా వదిలేసి వెళ్లారు. అంత వెడల్పు చిమ్నీని ఆ కాస్త పొగ వేడెక్కించలేదు. చల్లని చిమ్నీలో పొగ పైకి లేవక ఇంట్లోకే వెనక్కి తిరగవచ్చు, దానితోపాటు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా రావచ్చు. చిమ్నీ లోపల తగిన కొలతలో లైనర్, అంటే సన్నని లోపలి గొట్టం, వేయాలని వాళ్లు ఒక్క మాట కూడా చెప్పలేదు. మా పిల్లలు ఆ పక్క గదిలోనే పడుకునేవారు. తర్వాత నిలదీస్తే, వాటర్ హీటర్ మా కొటేషన్‌లో లేదండీ అన్నారు.

పాత ఇళ్లలో ఫర్నేస్ మార్పించుకున్న మిత్రులు ఈ రాత్రే బేస్‌మెంట్‌లోకి దిగి, వాటర్ హీటర్ మీది రేకు గొట్టం ఎక్కడికి పోతోందో చూడండి. అది ఒక్కటే పాత చిమ్నీలోకి పోతుంటే, లైనర్ వేశారా లేదా అని బిగించినవారిని రాతపూర్వకంగా అడగండి; జవాబు వచ్చేదాకా పడకగదుల దగ్గర పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండేలా చూసుకోండి.