చిప్స్ ప్యాకెట్‌లోంచి తోసేసిన గాలి, మా నాన్న సిలిండర్

చిప్స్ ప్యాకెట్ కొన్నప్పుడల్లా గాలి అమ్ముతున్నాడ్రా అని జోకులేస్తాం గానీ అది మామూలు గాలి కాదు, నైట్రోజన్. ఆక్సిజన్ తగిలితే నూనె పాడై కంపు కొడుతుందని దాన్ని తోసేసి నైట్రోజన్ కొడతారు. కొన్ని ప్యాకెట్లలో తినొద్దు అని రాసి చిన్న సాచెట్ వేస్తారు చూడండి, చాలావాటిలో ఉండేది ఇనప పొడి, అది లోపలే తుప్పు పట్టి మిగిలిన ఆక్సిజన్ని కూడా లాగేసుకుంటుంది. విదేశాల్లో మళ్లీ రివర్సు, పచ్చి మాంసం ఎర్రగా కనపడాలని ప్యాక్‌లో 70, 80 శాతం ఆక్సిజనే నింపుతారు, అదో షోకు.

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంట్లో అయితే నైట్రోజన్నే తోసేస్తాం. నాన్నకి పెట్టిన కాన్సంట్రేటర్ (గాలి లోంచి ఆక్సిజన్ని వేరుచేసి ఇచ్చే మెషిన్) పని అదే, గాలిలో నైట్రోజన్ని జియోలైట్ అనే ఖనిజం పట్టుకుంటుంది, 93 శాతం దాకా ఆక్సిజన్ బయటికొస్తుంది. కరెంట్ పోతే మాత్రం ఆక్సిజన్ సిలిండరే గతి.

సిలిండర్లో గ్యాస్ ఖరీదెంతనుకుంటున్నారు? 2020 సెప్టెంబర్‌లో ఎన్‌పీపీఏ, అంటే మందుల ధరలు కట్టే కేంద్ర సంస్థ, క్యూబిక్ మీటర్‌కి 25.71 రూపాయలు సీలింగ్ పెట్టింది, అప్పటి ఆ లెక్కన 7 క్యూబిక్ మీటర్ల పెద్ద సిలిండర్లో గ్యాస్ 180 రూపాయలు, జీఎస్టీ వేరే. నిమిషానికి 2 లీటర్ల చొప్పున రెండున్నర రోజులు వస్తుంది. చవకే కదా, కానీ మాకొచ్చే బిల్లు చూస్తే డిపాజిట్, రవాణా, రాత్రిపూట తెస్తే ఎక్స్‌ట్రా, "లిఫ్ట్ లేదా అన్నా" అని ఇంకో వంద.

నా గొడవ ఇక్కడే. గ్యాస్ ఎప్పుడూ సమస్య కాదు, దాన్ని మనిషి దగ్గరికి చేర్చడమే సమస్య. కోవిడ్ రెండో వేవ్‌లో, 2021 మే 10న తిరుపతి రుయా ఆస్పత్రిలో 11 మంది పోయారు, తమిళనాడు నుంచి రావాల్సిన ట్యాంకర్ లేటై ప్రెషర్ పడిపోయింది. అంతకు వారం ముందే మన పక్కన చామరాజనగర్‌లో 24 మంది. ద్రవ ఆక్సిజన్ని మైనస్ 183 డిగ్రీల దగ్గర ఉంచాలి, మామూలు లారీలో ఎక్కించి పంపేది కాదు, ఆ ట్యాంకర్లకే అప్పుడు కరువొచ్చింది.

తర్వాత పీఎం కేర్స్ డబ్బుతో ఆస్పత్రుల్లో వెయ్యికి పైగా ఆక్సిజన్ ప్లాంట్లు పెట్టారు, మంచిదే. డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చేసినవాళ్ల సంగతో? రేటు కట్టింది గ్యాస్‌కి, రవాణా ఛార్జీ రాష్ట్రాలకి వదిలేశారు. కనీసం కిలోమీటర్‌కింత, మెట్లకింత అని బిల్లులో విడిగా రాయమని ఒక రూల్ పెట్టొచ్చుగా, పోయిన వారం మాకిచ్చిన బిల్లులో సగం పైన "ఇతరాలు" అనే ఉంది.